చిట్టా నిండింది, ఆవర్జా ఏది?

ఇంటర్మీడియట్‌లో కామర్సు చదివినవాళ్ళకు మూడు మాటలు గుర్తుంటాయి: చిట్టా, ఆవర్జా, అంకణా. జరిగిన లావాదేవీని జరిగిన రోజునే వరసలో రాసిపెట్టేది చిట్టా. ఆ వరసలోంచి ఒక్కో పద్దునూ తీసి, ఎవరి ఖాతాకు చెందింది ఆ ఖాతా కిందికి ఎక్కించేది ఆవర్జా. ఎక్కించడంలో పొరపాటు జరగలేదని సరిచూసుకునేది అంకణా. ఇదంతా షావుకారు కొట్లో గుమాస్తా పని అనుకుంటాం. పనులు, తేదీలు, బాకీలు, ఆలోచనలు మరుపున పడకుండా మనుషులు వందల ఏళ్ళుగా చేసుకున్న ఏర్పాట్లు చూస్తే మాత్రం అన్నీ ఈ మెట్ల మీదే నడిచినట్టు కనబడుతుంది. నోటుబుక్కు మేలా, ఫోను మేలా అని ఇవాళ సాగుతున్న వాదనలో రెండు పక్షాలూ చిట్టా దగ్గరే ఆగిపోయాయి. ఎక్కడ రాసుకోవాలన్నదే అందరి బెంగ. రాసింది ఆ తరవాత ఎక్కడికి చేరాలో ఎవరికీ పట్టలేదు.

తాటాకు కాలం నుంచే చూద్దాం. తాటాకు మీద రాయడం తీరుబడిగా చేసే పని. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, ఎడమచేత పట్టుకుని గంటంతో గీరాలి. గీరింది కంటికి ఆనాలంటే మసి పుయ్యాలి. తప్పు పడితే చెరిపే వీల్లేదు. ఇంత శ్రమపడి ఏ పూటకాపూట ఖర్చు ఎవరూ రాసుకోరు. అందుకే తాటాకు పక్కన చెరిపి రాసుకునే సాధనాలు ఎప్పుడూ ఉన్నాయి. పిల్లలకు ఇసక, పలక. వర్తకులకు కడితం. గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి, ఆరాక మడతలు పెట్టి, దాని మీద బలపంతో రాసేవాళ్ళు. లెక్క తీరాక తుడిచి మళ్ళీ వాడుకోవచ్చు. అటు గ్రామంలో కరణం దగ్గర కవిలె కట్టలుండేవి: పొలాల హద్దులు, శిస్తులు, మాన్యాలు, ఊరు పుట్టిన వైనం. చెరిగేది ఒకటి, చెరగనిది ఒకటి. దేని పని దానిది. దూరాన ఇటలీలో లూకా పచోలీ అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణితగ్రంథంలో వర్తకుడికి మూడు పుస్తకాలుండాలన్నాడు. అప్పటికప్పుడు గిలికేది ఒకటి, దాన్ని వరసలో పెట్టేది మరొకటి, ఖాతాలవారీగా ఎక్కించేది ఇంకొకటి. అదీ ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. వెనిస్ వర్తకుల ఆచారాన్నే గ్రంథస్థం చేశాడు.

తాటాకుకు ఒక గుణం ఉంది. పురుగు కొడుతుంది, అంచులు విరుగుతాయి, కాబట్టి కొన్ని తరాలకోసారి ఎవరో ఒకరు కూచుని తిరగరాయకపోతే గ్రంథం పోతుంది. తిరగరాసేవాడు ఊరికే దించెయ్యడు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకుంటాడు. కొన్నిసార్లు తనకు తోచింది చేరుస్తాడు కూడా, అది వేరే గొడవ. మన దగ్గర మిగిలిన పాత సాహిత్యమంతా ఇలా చేతులు మారుతూ బతికిందే.

ఈ తిరగరాత పంతొమ్మిదో శతాబ్దంలో పెద్దయెత్తున జరిగింది. కాలిన్ మెకంజీ సర్వేయరుగా పనిచేసి, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలవడంతో ఊరుకోకుండా ఊరూరా కరణాల దగ్గరున్న కవిలెలను రాయించి పోగుచేశాడు. ఆయన పేరే నిలిచింది గానీ ఆ పని నడిపించినవాళ్ళు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊళ్ళో పెద్దల్ని ఒప్పించడం, కట్టలు విప్పించడం, చదివించడం వాళ్ళ చలవే. అలా చేరినవే మనం కైఫీయతులంటున్నవి. మెకంజీ 1821లో పోయాడు. పోగుపడింది గుట్టలుగా మిగిలింది. చిట్టా బ్రహ్మాండంగా నిండింది గానీ ఆవర్జాకు ఎక్కించే నాథుడు లేడు.

ఆ పనికి పూనుకున్నవాడు సీపీ బ్రౌన్. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్, అక్కడ తన బంగళాలో పండితులనూ రాయసగాళ్ళనూ జీతాలిచ్చి కూచోబెట్టాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించడం, కాగితం మీద రాయించడం, పాఠాలు పోల్చి చూపించడం, శుద్ధప్రతి తీయించడం అక్కడి నిత్యకృత్యం. మెకంజీ సేకరణలో శిథిలమైపోతున్నవాటినీ కాగితాల మీదికి ఎత్తి రాయించాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. బ్రౌన్ తెలుగుకు చేసిన మేలు గురించి మనం బోలెడన్ని సభలు పెట్టుకున్నాం. ఆయన నడిపిన గుమాస్తాగిరీని మెచ్చుకున్న సభ మాత్రం నేను చూడలేదు. నా మటుకు నాకు అదే ఆయన అసలు ప్రతిభ. ఏ ముక్క ఎక్కడుందో ఆయన బంగళాలో తెలిసేది.

సొంతానికి రాసుకునేవాళ్ళ సంగతి వేరు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశాడు. తెలుగులో కస్తూరి రంగకవి ఆయన పేరు మీదే ఆనందరంగరాట్ఛందం రాశాడు కాబట్టి మనకూ ఆయన పరాయివాడు కాదు. ఆ దినచర్యలో ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దొరల కోపతాపాలు, జ్యోతిషం, అన్నీ కలగాపులగం. అది పన్నెండు సంపుటాలుగా ఇంగ్లీషులోకి రావడానికి 1904 నుంచి 1928 దాకా పట్టింది. రాసినవాడికి ఇరవై అయిదేళ్ళు, దాన్ని చదువుకునేలా చేయడానికి దాదాపు మరో ఇరవై అయిదేళ్ళు.

ఏనుగుల వీరాస్వామి ఇంకొంచెం తెలివైన దారి పట్టాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారిలో మజిలీలు, మంచినీళ్ళ వసతి, రోడ్ల బాగు, ధరలు, ఆచారాలు, చూసింది చూసినట్టు రాసి, ఎప్పటికప్పుడు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపుతూ వచ్చాడు. మూట దారిలో పోయినా రాత మద్రాసులో భద్రం. పిళ్ళై వాటిని కుదురుగా చేర్చి, వీరాస్వామి పోయిన తరవాత 1838లో అచ్చువేయించాడు. రాసిందాన్ని తన దగ్గరే ఉంచుకోకుండా నమ్మకమైన రెండో చోటుకు పంపడం అనే ఉపాయం అప్పటికే మనవాళ్ళకు ఉంది. ఇవాళ దానికి బ్యాకప్ అని పేరు.

ఆవర్జా పని ఎంత బరువైనదో తెలియాలంటే కొమర్రాజు లక్ష్మణరావును తలుచుకోవాలి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నాడు. మూడు సంపుటాలు వచ్చాయి. ‘అ’ దాటకుండానే 1923లో కన్నుమూశాడు. పిఠాపురం రాజా పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వస్తే ఎనిమిదోది 1972లో వచ్చింది. మాటలు పోగుచేయడం కష్టమే. వరసలో పెట్టడం దానికి పదింతలు.

ఇరవయ్యో శతాబ్దంలో కాగితం చవకైంది. నిజాం రాజ్యంలో సిర్పూరు దగ్గర కాగితపు మిల్లు పెడితే పక్కన వెలిసిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు వచ్చింది. రాజమండ్రిలో రత్నంగారు స్వదేశీ పిలుపందుకుని 1932 నుంచి ఫౌంటెన్ పెన్నులు చేయడం మొదలుపెట్టారు. రూళ్ళపుస్తకం, జేబుడైరీ, బ్యాంకులూ మందుల కంపెనీలూ ఉచితంగా పంచే కొత్త సంవత్సరం డైరీలు ఇంటింటికీ చేరాయి. ఈ డైరీల్లో తొంభైపాళ్ళు జనవరి రెండోవారం దాటలేదని చెప్పడానికి ఏ సర్వే అక్కర్లేదు. మిగిలిన పుటలు పిల్లల చిత్తు లెక్కలకు పనికొచ్చేవి.

అసలు పని చేసింది గోడ మీది క్యాలెండరు. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం అచ్చేసి ఉండే ఆ పెద్ద గడుల కాగితానికి ఒక పెన్సిలు దారంతో వేలాడుతూ ఉండేది. పాలవాడు రాని రోజున గడిలో సున్నా. అరలీటరు ఎక్కువ పోయించుకుంటే అడ్డగీత. గ్యాసుబండ మార్చిన తేదీ, చీటీపాట తేదీ, పనిమనిషి మానేసిన రోజు, పిల్లవాడి ఫీజుకు ఆఖరు గడువు, ఆడవాళ్ళు తమ నెల గుర్తుకు పెట్టుకునే చిన్న చుక్క. ఆ చుక్క సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు. నెలాఖరున ఇల్లాలు ఆ సున్నాలు లెక్కపెట్టి, పాలవాడితో బేరం తేల్చి, తేలింది పద్దు పుస్తకంలో రాసేది. కిరాణాకొట్టులో అరువుకు చిన్న పుస్తకం ఇంట్లో, పెద్ద పుస్తకం కొట్లో. నెలకోసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకునేవారు. చాకలిపద్దుకూ ఇంతే. బడికి పోని ఆడవాళ్ళు కూడా గీతలూ చుక్కలతో ఈ పద్ధతిని నడిపారు. డైరీ మగవాళ్ళ చిట్టాగా మొదలై చిత్తుకాగితంగా మిగిలింది. క్యాలెండరు, పద్దు పుస్తకం కలిసి చిట్టా ఆవర్జాల జంటగా ఇల్లు గడిపాయి. ‘ఉత్పాదకత’ గురించి ఇవాళ అమ్ముడవుతున్న పుస్తకాల్లో ఇంతకన్నా బలమైన పద్ధతి నాకు కనబడలేదు.

ప్రభుత్వమూ పెద్ద ఇల్లే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజును కార్యాలయంలో పెద్ద సంపుటంలోకి చేత్తో నకలు రాసేవారు. అది చిట్టా. దానికి తోడు మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తుల వివరాలతో ఇంకో సూచిక. అవి ఆవర్జా. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చెప్పే ఈసీ అనే కాగితం మన చేతికి రావడానికి కారణం ఆ సూచికలే. కాకపోతే వెతికి తీయడానికి రోజులు పట్టేది, వెతికేవాడి చెయ్యి తడపాల్సి వచ్చేది. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పేరుతో కంప్యూటర్లు దిగాక ఆ వెతుకులాట నిమిషాలకు వచ్చింది. దీన్ని ఎవరూ కాదనలేరు. వెతకడంలో యంత్రానికి మనిషి సాటి కాడు.

పొలాల రికార్డు కథ అంత సాఫీగా సాగలేదు. వంశపారంపర్యంగా కరణాల చేతుల్లో ఉన్న లెక్కలు 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేయడంతో చేతులు మారాయి. తెలంగాణలో పట్వారీలూ పోయారు. కరణం కలంపోటుకు నలిగిన రైతులకు అది పండగ. ఆ కలంతో పాటు ఏ సర్వే నంబరులో ఏ గట్టు ఎప్పుడు జరిగిందో నోటితో చెప్పగల జ్ఞాపకం కూడా పోయింది. తరవాత ఆంధ్రలో అడంగలు, 1-బి మీభూమి పేరుతో 2015లో అంతర్జాలంలోకి వచ్చాయి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఇప్పటికీ తగాదాల్లో మొదట తీసే కాగితం. 2020లో ఊళ్ళో భూమి లెక్కలు చూసే వీఆర్వోలను తీసేసి, అక్టోబరు 29న భూమి రికార్డుల వెబ్‌సైటు ధరణిని తెచ్చారు. అప్పటికి పట్టాదారు పేరు మిగిలి, భూమి మీద నిజంగా ఎవరున్నారో చెప్పే అనుభవదారు గడి కనబడకుండా పోయింది. తెల్లకాగితం మీద సాదాబైనామా రాయించుకుని పాతికేళ్ళుగా దున్నుకుంటున్నవాళ్ళు తెర మీద ఎక్కడా లేరు. తప్పు ఎక్కితే దిద్దడానికి ఊళ్ళో ఎవరి చేతిలోనూ అధికారం లేదు. 2025లో భూభారతి చట్టం వచ్చి, దిద్దుబాటుకు, అప్పీలుకు మెట్లు పెట్టింది. రాజకీయాలు పక్కనబెడితే ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. పాత కాగితం నుంచి కొత్త తెరకు ఎక్కించే రోజున అంకణా కట్టలేదు. రెండు వైపులా కలిశాయో లేదో చూడకుండా పాత పుస్తకం మూసేశారు.

మన సొంత రాతలు కంప్యూటరుకు ఎక్కిన తీరూ చూడాలి. 1945లో అమెరికాలో వానెవర్ బుష్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసంలో మేజాబల్లంత యంత్రాన్ని ఊహించాడు. మనిషి చదివిందీ రాసిందీ అందులో ఉంటుంది, ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి దారులు వేసుకోవచ్చు. అటువంటిది పేదవాడి రూపంలో జర్మన్ సమాజశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ చెక్కపెట్టెల్లో నడిపాడు. దాదాపు 90,000 చీటీలు, ప్రతి చీటీకి నంబరు, నంబరు నుంచి నంబరుకు దారి. 1996లో అరచేతిలో పట్టే పామ్ పైలట్ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు దారి సాఫీగా ఉంది. తెలుగులో రాసుకునేవాడికి మాత్రం ముళ్ళబాట.

యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. కానీ మన డీటీపీ కేంద్రాలు, పత్రికలు, ప్రచురణకర్తలు ఏళ్ళ తరబడి అను వంటి ఫాంట్లతోనే పనిచేశాయి. వాటిలో అక్షరం తెర మీద తెలుగులా కనబడుతుంది, లోపల మాత్రం ఇంగ్లీషు సంకేతాలు. అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు. వెతికితే దొరకదు. అలా టైపు చేసిన కథలు, ఆత్మకథలు, కుటుంబ చరిత్రలు ఎన్ని ఫ్లాపీల్లో, సీడీల్లో మూగబోయాయో! రెండు వందల ఏళ్ళ తాటాకును ఇవాళ చదవగలం, ఇరవై ఏళ్ళ కిందటి పేజ్‌మేకర్ ఫైలును తెరవలేం. 2000ల మధ్యలో లేఖిని వంటి తెలుగు టైపింగు పరికరాలు, ఆ తరవాత ఫోన్లలో తెలుగు కీబోర్డు వచ్చాకే తెలుగువాడి డిజిటల్ రాత తెలుగులో మొదలైంది. అప్పటిదాకా ఫోనులో ‘పాలబ్బాయి’ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండేవాడు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి ఇంకా విడ్డూరం. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. గొప్ప సేవ, ఇవాళ పరిశోధన చేసే ప్రతివాడూ దానికి రుణపడ్డాడు. కానీ పేర్లు, రచయితలు, సంవత్సరాలు ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్ళు నమోదు చేశారు. పుస్తకం ఉంది, దొరకదు. దొరికినవాళ్ళు దొరికింది తమ దగ్గర దాచుకుని, జాబితాలు వేసి పంచుకున్నారు. మెకంజీ గుట్టలకు రెండు వందల ఏళ్ళ తరవాత మళ్ళీ అదే స్థితి.

రాసేది చేత్తోనా, కీబోర్డుతోనా అన్నదాని మీద పరిశోధనలూ ఉన్నాయి. 2014లో ముల్లర్, ఒపెన్‌హైమర్ అనే ఇద్దరు, చేత్తో నోట్సు రాసుకున్న విద్యార్థులకు విషయం ఎక్కువ బోధపడుతుందని ప్రకటించారు. ఆ మాట ప్రపంచమంతా చుట్టొచ్చింది, మన ఆదివారం అనుబంధాల్లోనూ వచ్చింది. 2019లో, 2021లో ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినవాళ్ళకు అంత తేడా కనబడలేదన్న కబురు మాత్రం అంత దూరం రాలేదు. మొదటి ఇద్దరి పరిశీలనల్లో ఒకటి మాత్రం నాకు సబబనిపిస్తుంది: టైపు చేసేవాడు విన్నది విన్నట్టు దించేస్తాడు, చేత్తో రాసేవాడికి అంత వేగం ఉండదు కాబట్టి ఏది వదలాలో అక్కడికక్కడే తేల్చుకుంటాడు. చెయ్యి నిదానమే ఇక్కడ లాభం.

2013లో బుల్లెట్ జర్నల్ అనే పద్ధతిని లోకానికి చెప్పిన రైడర్ కారోల్ డిజిటల్ ఉత్పత్తులు రూపొందించే మనిషి. తన పనులకు కాగితం పుస్తకమే పెట్టుకున్నాడు. రంగుపెన్నులతో, పువ్వుల అంచులతో యూట్యూబులో కనబడే ఆర్భాటమంతా తరవాతివాళ్ళు తగిలించింది. అతను చెప్పిందాంట్లో కీలకం ఒకటే: నెలాఖరున మిగిలిపోయిన పనుల్ని కొత్త పుటలోకి చేత్తో తిరగరాయాలి. తిరగరాయడానికి బద్ధకించే పని చేయక్కర్లేని పనే, కొట్టెయ్యాలి. ఇది తాటాకును ఎత్తిరాసిన రాయసగాడి విద్యే.

ఫోను చిట్టాను ఉచితం చేసేసింది. మందుల చీటీ ఫోటో, స్క్రీన్‌షాటు, తనకు తానే పంపుకున్న వాట్సాప్ సందేశం, వాయిస్ రికార్డు, రోజుకు పాతిక పోగవుతాయి. ఖర్చులేని పని కాబట్టి వదలడమన్నది లేదు. పైగా యాప్ షరతులు మారితే అందులో దాచుకున్నది మన చేతిలో ఉండదు. ఏళ్ళ తరబడి ఎవర్‌నోట్‌ను నమ్ముకున్నవాళ్ళకు 2023 చివర్లో ఉచిత ఖాతాకు 50 నోట్సే అని కబురొచ్చింది. అటు యూపీఐ వచ్చాక ప్రతి టీకప్పూ దానంతటదే నమోదవుతోంది, నెల ఖర్చెంతో చెప్పగలిగిన ఇల్లు మాత్రం తగ్గింది. చిట్టా ఎప్పుడూ ఇంత నిండుగా లేదు, ఆవర్జా ఇంత ఖాళీగా లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. తేదీ, డబ్బు, చిరునామా, నలుగురితో పంచుకోవలసింది, రేపు వెతకవలసింది ఫోనులో ఉండాలి. అక్కడ కాగితం ఓడిపోయింది, ఒప్పుకుందాం. ఇవాళ చేయవలసిన నాలుగు పనులు, తేల్చుకోవలసిన ఆలోచన, చదువుతూ రాసుకునే మాట కాగితం మీదే మేలు. రెంటి మధ్యా వారానికో సాయంత్రం ఎక్కింపు జరగాలి. ఫోనులో పోగైనవాటిలో పనికొచ్చేవి పేరుపెట్టి ఒకచోట చేర్చాలి, మిగిలినవి తీసెయ్యాలి, పుస్తకంలో మిగిలినవి కొత్త పుటకు రావాలి. ఆ సాయంత్రం లేకపోతే ఏ యాప్ కొన్నా దండగే, ఏ తోలు అట్ట డైరీ కొన్నా దండగే.

ఒక విన్నపం. మీ అటకల మీద తాతల నాటి పద్దు పుస్తకాలు, డైరీలు, క్యాలెండర్లు ఉంటే పాతకాగితాలవాడికి వేసేముందు ఫోటోలు తీయండి. తీసిన ప్రతి ఫోటో ఫైలుకూ ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న మూడూ తెలుగులోనే పేరుగా పెట్టండి. ఒక ప్రతి ఇంకో ఊళ్ళో ఉన్న బంధువుకు పంపండి. ఆ తరవాత కూడా అసలు పుస్తకాన్ని పారెయ్యకండి.